సీనా బనీను మీది మూడు మాటలు

జాన్ సీనా బరిలోకి దిగగానే స్టేడియం రెండు గొంతులుగా చీలిపోయేది. ‘లెట్స్ గో సీనా’ అని ఒక గొంతు. ఆ ఊపిరి ఆగేలోపే ‘సీనా సక్స్’ అని ఇంకో గొంతు. 2005 తర్వాత ఇంచుమించు ఇరవయ్యేళ్లు ఈ సవాల్ జవాబు సాగింది. టీవీ శబ్దం కొంచెం పెంచి వింటే మొదటిది సన్నటి గొంతనీ రెండోది బొంగురు గొంతనీ ఎవరికైనా తెలుస్తుంది. ఆడవాళ్లూ పిల్లలూ అతన్ని గెలవమనేవాళ్లు. ఎదిగిన మగవాళ్లు ఛీకొట్టేవాళ్లు. ఈ రకం కుస్తీ గురించి రాసే మగవాళ్లు దీన్ని ఒక వింతగా చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నాకు సీనా మీద ఆసక్తి పుట్టించిందీ, అతని పట్ల నా మనసు ఇన్నిసార్లు మారడానికి కారణమైందీ ఈ చీలికే.

మగ ప్రేక్షకులకి అతని మీద అంత కోపం ఎందుకు? అతనికి అయిదే పట్లు వచ్చనేవారు. ఎప్పుడూ అతనే గెలుస్తాడనేవారు. 1980లలో హల్క్ హోగన్‌కి వచ్చిన పట్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అతనూ ఎప్పుడూ గెలిచేవాడే, అయినా అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2006 జూన్ 11న న్యూయార్క్ హామర్‌స్టైన్ బాల్‌రూమ్‌లో సీనా తన బనీను విప్పి జనంలోకి విసిరితే జనం తిరిగి బరిలోకి విసిరారు. మళ్లీ విసిరాడు, మళ్లీ వచ్చి పడింది. సీనా గెలిస్తే అల్లర్లు చేస్తామని అట్ట రాసి పట్టుకున్నారు. ఆ హాలు నిండా దాదాపు మగవాళ్లే. 2008లో డబ్ల్యూడబ్ల్యూఈ తన కార్యక్రమాలని పిల్లలు కూడా చూడదగ్గట్టు మార్చింది. నెత్తురు తగ్గింది, ఆడవాళ్ల బట్టలు లాగే పోటీలు ఆగాయి. ఆ పాపమంతా సీనా నెత్తిన పడింది. ‘చిన్నపిల్లల ఆట అయిపోయింది’ అన్నారు. దానికి ముందు ఎట్లా ఉండేదో తెలియాలంటే ఒక్క దృశ్యం చాలు. 2001 మార్చిలో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మహన్, ట్రిష్ స్ట్రాటస్ అనే ఆమెని బరి మధ్యలో మోకాళ్ల మీద నడిపించి, కుక్కలా మొరిగించి, బట్టలు విప్పించాడు. కథలో భాగమే. కానీ ఆ కథ రాయించిందీ అతనే, అందులో నటించిందీ అతనే, జీతం ఇచ్చేదీ అతనే. అలాంటి రోజులు పోయాయని ఏడ్చేవాళ్లు సీనాని తిడుతుంటే నేను ఎటువైపు ఉంటాను?

మాది శంషాబాద్ దగ్గర కొత్వాల్‌గూడ. కుస్తీ మాకు కొత్తేం కాదు. మా పక్క జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగుస్తాయి. చిన్న పిలగాళ్లు కొబ్బరికాయకి పట్టుకుంటారు, పేరున్న పహిల్వాన్లు కడియానికి. ఆడవాళ్లు ఆ బరి చుట్టూ నిలబడరు. వద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు, నిలబడరంతే. టెన్ స్పోర్ట్స్ వచ్చాక కుస్తీ ఇంట్లోకే వచ్చింది. నేను ఇంటర్ చదివే రోజులవి. సీనా 2005 ఏప్రిల్‌లో మొదటిసారి చాంపియన్ అయ్యాడు. మా తమ్ముళ్లు ట్రంప్ కార్డులు పరుచుకుని టీవీ ముందు కూర్చుంటే, వాళ్ల వెనకాల బియ్యం ఏరుకుంటూ మా పెద్దమ్మా, పుస్తకం అడ్డం పెట్టుకుని నేనూ చూసేవాళ్లం. పెద్దమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ‘టోపీ పిలగాడు వచ్చిండా?’ అని అడిగేది. బరిలోకి పరుగెత్తుకొచ్చేవాడు, వెనక్కి తిరిగి జనానికి సెల్యూట్ కొట్టేవాడు, గెలిచినా ఓడినా ఎదుటివాడితో తలెత్తి మాట్లాడేవాడు. ‘పెయ్యి గింత పెంచిండు గాని మొకంల పొగరు లేదు’ అని పెద్దమ్మ తీర్పు.

ఆ తీర్పులో చాలా ఉంది. మగవాడి ఒంటి బలాన్ని భయపడకుండా, కళ్లు దించుకోకుండా, తీరిగ్గా చూసే అవకాశం మా ఇళ్లలో ఆడవాళ్లకి ఎక్కడుంది? బలం అంటే మాకు తెలిసింది చెయ్యి లేవడమే. ఇక్కడ ఒక బలవంతుడు ఇంకో బలవంతుడితోనే కొట్లాడి, పిల్లల వైపు తిరిగి చెయ్యి ఊపి వెళ్లిపోతున్నాడు.

అదంతా ఉత్తదే కదా, ముందే అనుకుని చేస్తారు కదా అని నన్ను ఎగతాళి చేసిన చదువుకున్న స్నేహితురాళ్లు ఉన్నారు. నిజమే, గెలుపోటములు ముందే రాసుకుంటారు. మంచివాడి వేషాన్ని ‘ఫేస్’ అంటారు, చెడ్డవాడి వేషాన్ని ‘హీల్’ అంటారు. చిందు యక్షగానంలో మగ వేషాలు కట్టిన చిందుల ఎల్లమ్మని చూసి జనం చేతులెత్తి మొక్కారంటే, వేషం కట్టింది ఒక ఆడమనిషని తెలియకనా? తెలిసే మొక్కారు. వేషం అని తెలిసీ నమ్మడం మనకి కొత్త విద్య కాదు. అసలు ప్రశ్న ఏ వేషాన్ని నమ్మమంటున్నారనేదే.

ఆ వేషం మొదట్నించీ శుభ్రంగా లేదు. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్ ముందు నిలబడి టీవీ కుస్తీలోకి వచ్చిన సీనాకి పేరు తెచ్చింది ర్యాప్. మెడలో గొలుసు, దానికో తాళం, చేతిలో మైకు, నోట్లో ప్రాసలు. ఆ ప్రాసల్లో సగం ఎదుటి మగవాణ్ణి ఆడదానితోనో, మగవాళ్లని ఇష్టపడే మగవాడితోనో పోల్చి నవ్వించేవే. ఆ యాసకి నాకప్పుడు ఇంగ్లీషు చాలలేదు. తర్వాత కూర్చుని విన్నప్పుడు మన సినిమాల్లో హాస్యగాళ్ల మాటలు వింటున్నట్టే అనిపించింది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల ప్రేక్షకులే లేని రెసిల్‌మేనియాలో, బ్రే వయాట్ అతన్ని తన పాత వేషాలన్నిటి గుండా నడిపించి, ఇతరుల బలహీనతల్ని నవ్వులాట చేసి పైకొచ్చావని మొహం మీదే అన్నాడు. సీనా మీద వచ్చిన మంచి విమర్శల్లో ఒకటి అతను నటించిన ఆ మ్యాచే అని నా అభిప్రాయం. తన ప్రతిష్ఠని అంత మెత్తగా కోయనిచ్చే తారలు తక్కువ. మన తెలుగు హీరోల్లో ఒక్కరిని ఊహించుకోండి.

2007 వేసవిలో గ్రేట్ ఖలీతో అతని పోరు వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఖలీ మనవాడు, హిమాచల్ నుంచి వచ్చినవాడు, పంజాబ్ పోలీసుల్లో పనిచేసినవాడు. దేశభక్తి ప్రకారం తమ్ముళ్లు ఖలీ వైపు. పెద్దమ్మ మాత్రం ‘గా పొడుగాయనకు నడుసుడే చాతనైతలేదు, ఇగ కొట్లాడుడేంది’ అని టోపీ పిలగాడినే పట్టుకుంది. మే 20న ఖలీ సీనా పట్టులో ఓటమి ఒప్పుకున్నాడు. తమ్ముళ్లు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. దేశం పేరు చెప్పగానే మనసు మార్చుకోని ఆడవాళ్లని మొదట నేను మా ఇంట్లోనే చూశాను.

ఇక నిక్కీ బెల్లా సంగతి. నా ఇష్టం మొదట ఇక్కడ బీటలు వారింది. నిక్కీ కూడా అదే కంపెనీలో కుస్తీ చేసేది. అప్పటికి ఆడ కుస్తీవాళ్లని అక్కడ ‘దివాస్’ అనేవారు, వాళ్ల పోటీలు టీ కాచుకునే విరామాలు. 2015 ఫిబ్రవరిలో నిక్కీ అక్కచెల్లెళ్లు ఇంకో ఇద్దరితో పోటీ పడితే అది ముప్పై సెకన్లలో ముగిసింది. ఆడవాళ్లకి అవకాశం ఇమ్మని ప్రేక్షకులే గోల చేశారు. నిక్కీ ఆ దివాస్ బెల్టుని 301 రోజులు నిలబెట్టుకుంది. దాని చరిత్రలో అంతకన్నా ఎక్కువ రోజులు వరసగా ఇంకెవరూ ఉంచుకోలేదు. 2016 జనవరిలో ఆమె మెడకి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏప్రిల్‌లో ‘దివా’ అన్న మాటనీ ఆ బెల్టునీ తీసేసి మహిళల చాంపియన్‌షిప్ పెట్టారు. నిక్కీ మెడ బాగు చేయించుకుని తిరిగి వచ్చింది. 2017 ఏప్రిల్ 2న ఒర్లాండోలో రెసిల్‌మేనియా 33లో సీనాతో జంటగా ఆడి గెలిచింది. గెలిచిన మరుక్షణం సీనా మైకు తీసుకుని, మోకాలి మీద వంగి, తనని పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. వేలాదిమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ దృశ్యం చాలాసార్లు చూశాను. అతను మంచి నటుడు. గొంతు వణకడం నిజమేనని నమ్ముతాను. అయితే బరి మధ్యలో అప్పటిదాకా ఒక కుస్తీ క్రీడాకారిణి ఉంది, క్షణంలో కాబోయే పెళ్లికూతురు మిగిలింది. మెడ ఎముక విరిగి కుట్టుకుని తిరిగొచ్చిన ఆమె శ్రమ అతని ప్రేమకథలో ఒక ఘట్టమైపోయింది. శస్త్రచికిత్సకి తీసుకెళ్తున్నప్పుడు మత్తులో ఉన్న ఆమెతో తాను ఏమన్నాడో కూడా అక్కడే చెప్పాడు. అంతమంది ముందు కాదనడం ఏ ఆడదానికి సాధ్యం? పెళ్లి వద్దు, పిల్లలు వద్దు అని అతను ఏళ్లుగా టీవీ కార్యక్రమంలోనే చెబుతూ వచ్చాడు. తన ఇంట్లో ఉండటానికి ఆమెతో పెద్ద ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించుకోవడం కూడా మనకి చూపించారు. పిల్లలు వద్దనుకోవడం అతని హక్కు, అందులో తప్పు పట్టను. ఆమె కోరికని ఆమె బలహీనతగా, అతని నిరాకరణని అతని నిజాయితీగా చూపించిన కెమెరాతోనే నా పేచీ. 2018 ఏప్రిల్‌లో, పెళ్లికి కొన్ని వారాల ముందు, వాళ్లు విడిపోయారు. నాకు నిక్కీ కోసం హాయిగా అనిపించింది. సీనా మీద కోపం రాలేదు గానీ ఆ బనీను మీద రాసిన మాటలు మొదటిసారి విడివిడిగా చదువుకున్నాను.

మూడు మాటలు. హజిల్, లాయల్టీ, రెస్పెక్ట్. ఒళ్లు వంచి పనిచెయ్యి, విధేయంగా ఉండు, గౌరవించు. పిల్లల బనీన్ల మీద, టోపీల మీద, చేతి పట్టీల మీద ఇవే. ఈ మూడూ ఒకే వరసలో హాయిగా ఒదుగుతాయన్నట్టే ఉంటుంది. విధేయతా గౌరవమూ ఎదురెదురుగా నిలబడ్డ రోజున ఏది గెలవాలో ఆ బనీను చెప్పదు.

2022 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్, విన్స్ మెక్‌మహన్ ఒక మాజీ ఉద్యోగినికి నోరు మెదపకుండా ఉండటానికి 30 లక్షల డాలర్లు ఇవ్వజూపాడని రాసింది. జూలైలో, పదహారేళ్లలో నలుగురు ఆడవాళ్లకి కోటీ ఇరవై లక్షల డాలర్లకి పైగా చెల్లింపులకి ఒప్పుకున్నాడని రాసింది. ఆ నెలలోనే అతను తప్పుకున్నాడు. 2023 జనవరిలో తిరిగి వచ్చి చైర్మన్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఏడాదే సీనా మా దగ్గరికి వచ్చాడు.

2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. భారతదేశంలో సీనా మొదటి పోటీ అని ప్రచారం చేశారు. మా ఊరి నుంచి ఔటర్ మీద అరగంట దారి. మా తమ్ముడి కూతుర్ని తీసుకుని వెళ్లాను. రియా రిప్లీ, నటాల్యా మహిళల టైటిల్ కోసం కొట్లాడారు. పాప కుర్చీ మీద ఎక్కి చూసింది. చివర్లో సీనా, సేత్ రాలిన్స్‌తో కలిసి ఇంపీరియం జట్టు మీద గెలిచాడు. అక్కడ రెండు గొంతులు లేవు. అంతా ఒకటే గొంతు, మగవాళ్లు కూడా. చిన్నప్పుడు ట్రంప్ కార్డులాడిన పిల్లలే ఇప్పుడు కంపెనీ ఐడీ కార్డులు మెడలో వేసుకుని వచ్చి కళ్లు తుడుచుకున్నారు. నాకూ గొంతు పూడుకుపోయింది, అబద్ధమాడను. కానీ ఆ సంబరంలో నా తలలో ఇంకో కుస్తీ నడుస్తోంది. అదే ఏడాది మే 28న ఢిల్లీ రోడ్డు మీద వినేశ్ ఫోగాట్, సాక్షి మాలిక్‌లని పోలీసులు ఎత్తి బస్సుల్లో వేశారు. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ తమని లైంగికంగా వేధించాడని వాళ్లు జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. అతను కాదన్నాడు. కోర్టు 2024 మేలో అభియోగాలు నమోదు చేసింది. ఇటు ఉత్తుత్తి కుస్తీకి చైర్మన్ మీద చెల్లింపుల కథ, అటు అసలు కుస్తీకి అధ్యక్షుడి మీద వేధింపుల ఫిర్యాదు. బరి మట్టిదైనా కాన్వాసుదైనా దాని వెనక కుర్చీ ఒక్కలాగే ఉంది.

2024 జనవరి 25న ఆ మాజీ ఉద్యోగిని జనెల్ గ్రాంట్ తన పేరుతోనే కనెక్టికట్ ఫెడరల్ కోర్టుకెక్కింది. లైంగిక దాడి, లైంగిక అక్రమ రవాణా ఆరోపణలు. మెక్‌మహన్ అవన్నీ అబద్ధాలన్నాడు, మర్నాడే పదవి వదిలాడు. ఫిబ్రవరిలో హోవర్డ్ స్టెర్న్ రేడియోలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు, ఆ మనిషిని తాను ప్రేమిస్తానని బాహాటంగానే చెప్పానని, స్నేహం వదులుకోనని, జవాబుదారీతనం కూడా ఉండాలనే అర్థం వచ్చేలా సీనా చెప్పాడు. మాట తూకం వేసినట్టే ఉంది. ఆమె పేరు మాత్రం ఆ తక్కెడలో ఎక్కడా లేదు.

నేనది విన్నప్పుడు సీనా కన్నా ముందు మా సూపర్‌వైజరు గుర్తొచ్చాడు. విమానాశ్రయం వచ్చాక మా ఊళ్ల ఆడపిల్లలకి పనులు దొరికాయి. నేను కొన్నేళ్లు ఒక గోడౌన్ ఆఫీసులో చేశాను, దాని పేరు ఇక్కడ అనవసరం. మా సూపర్‌వైజరు మంచివాడు. రాత్రి షిఫ్టు ఆడపిల్లలు ఇళ్లకి చేరారో లేదో ఫోను చేసి కనుక్కునేవాడు, మమ్మల్ని ‘అమ్మా’ అని తప్ప పిలిచేవాడు కాదు. మాలో ఒకామె మేనేజరు మీద కమిటీకి ఫిర్యాదు చేసింది. సూపర్‌వైజరు కళ్లారా చూశాడు. కమిటీ పిలిస్తే అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ‘ఆయన నాకు అన్నం పెట్టిన మనిషమ్మా’ అన్నాడు మాతో, కళ్లనీళ్లు పెట్టుకుని. ఆమె ఉద్యోగం మానేసింది. అతను ఆ తర్వాత కూడా మాకు ఫోన్లు చేసి ఇల్లు చేరామా అని అడుగుతూనే ఉన్నాడు.

చెడ్డ మగవాణ్ణి గురించి మనం చాలా రాసుకున్నాం. ఈ మంచి మగవాణ్ణి గురించి రాయడం కష్టం. అతని మంచితనం నటన కాదు. మేక్-ఎ-విష్ సంస్థ ద్వారా జబ్బుపడ్డ పిల్లల కోరికలు 650 తీర్చి సీనా 2022లో గిన్నిస్ రికార్డుకి ఎక్కాడు. ఆ గదుల్లోకి కెమెరాలు వెళ్లినా వెళ్లకపోయినా అతను వెళ్లాడు. నిస్సహాయులు పిల్లలైనప్పుడు అతని ప్రేమకి అడ్డేమీ లేదు. నిస్సహాయురాలు ఎదిగిన స్త్రీ అయి, ఆమె వేలు తన యజమాని వైపు చూపిస్తున్నప్పుడు ఆ ప్రేమకి మాట పడిపోతుంది.

2025 మార్చి 1న టొరంటోలో సీనా కోడీ రోడ్స్‌ని కౌగిలించుకుని, ఆ కౌగిలిలోంచే దెబ్బ కొట్టాడు. ఇరవయ్యేళ్ల మంచి వేషం తర్వాత హీల్ అయ్యాడు. ప్రపంచమంతా నివ్వెరపోయింది. నాకు మొదట ఉత్సాహమే కలిగింది, ఇప్పుడైనా ఆ బనీను మాటల్ని విప్పి చూస్తాడేమోనని. మార్చి 17న బ్రస్సెల్స్‌లో మైకు తీసుకున్నాడు. ప్రేక్షకులతో తనది హింసించే సంబంధమని, ఇరవైఅయిదేళ్లుగా వాళ్లు తనని వాడుకుని అవమానించారని, ఇక ఆ సంబంధం తెంచుకుంటున్నానని అన్నాడు. కుస్తీ విమర్శకులు అద్భుతమన్నారు. ప్రసంగంగా మంచిదే, గొంతు పెంచకుండా ఆ మంటనంతా పలికించాడు. కానీ ‘హింసించే సంబంధం’ అన్న మాట ఎవరి నోటి నుంచి పుట్టింది? గడప దాటి వచ్చిన ఆడవాళ్లు, పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో, ఆశ్రయ కేంద్రాల్లో ఏళ్ల తరబడి చెప్పి చెప్పి సంపాదించిన మాట అది. అదే కంపెనీ మాజీ ఉద్యోగిని కోర్టులో తనకి జరిగినదాన్ని చెప్పుకోవడానికి మాటలు వెతుక్కుంటుంటే, అదే కంపెనీ బరిలో కోట్లు సంపాదించిన మగవాడు ఆ మాటని తన అలకకి వాడుకున్నాడు. ర్యాప్ ప్రాసలకి నవ్వేసి ఊరుకోగలిగాను. దీనికి నవ్వు రాలేదు. ఆ రోజు టీవీ కట్టేశాను.

ఏప్రిల్ 20న లాస్ వేగాస్‌లో అతను 17వ సారి చాంపియన్ అయ్యాడు. రిక్ ఫ్లెయిర్‌తో సమానంగా ఉన్న 16 దాటింది. ఆగస్టు నాటికి మళ్లీ మంచివాడైపోయాడు, ఎందుకయ్యాడో కథలో సరిగా చెప్పనే లేదు. సెప్టెంబర్ 20న బ్రాక్ లెస్నర్‌ని అతని ముందు నిలబెట్టారు. ఆ ఏడాది జనవరిలో జనెల్ గ్రాంట్ సవరించి వేసిన ఫిర్యాదులో లెస్నర్ పేరు చేర్చింది. ఆరోపణలు కోర్టులో తేలక ముందే కంపెనీ అతనికి బాజాలు మోగించి స్వాగతం పలికింది. పాప ఫోను చేసి ‘అత్తా, సీనా ఓడిపోయిండు’ అని ఏడ్చింది. ఆమెకి లెస్నర్ గురించి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. తొమ్మిదేళ్ల పిల్ల.

డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో ఆఖరి పోటీ, గుంథర్‌తో. ‘ఎన్నడూ వదలకు’ అని పిల్లల టోపీల మీద రాసి అమ్మిన మనిషి, మెడకి బిగిసిన పట్టులో చిన్నగా నవ్వి, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. జనం మండిపడ్డారు. ఇరవయ్యేళ్లు ‘సీనా సక్స్’ అన్న బొంగురు గొంతులే ఎక్కువ బాధపడ్డాయి. నాకు మాత్రం అతను చేసిన వాటన్నిటిలో ఆ నవ్వు బాగా నచ్చింది. చాలు అనడం తెలిసిన మగవాడిగా ఒక్క క్షణం కనిపించాడు. ఆ క్షణాన్ని అతని నుంచి వెనక్కి తీసుకోను, జనెల్ గ్రాంట్ పేరు పలకని రేడియో మాటనీ మర్చిపోను. పెద్దమ్మకి ఫోన్లో చూపిస్తే ‘అలసిండు పిలగాడు’ అంది. టోపీ ఏదని అడిగింది.

ఆఖర్న బూట్లు విప్పి బరి మధ్యలో పెట్టాడు. కుస్తీ వదిలేవాళ్లు చేసే ఆనవాయితీ అది. 2023 డిసెంబర్ 21న, బ్రిజ్ భూషణ్ మనిషే సమాఖ్య ఎన్నికల్లో గెలిచిన రోజు, ఢిల్లీలో సాక్షి మాలిక్ తన బూట్లు తీసి విలేకరుల ముందు బల్ల మీద పెట్టింది. రియోలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళా పహిల్వాన్. సీనా బూట్లకి స్టేడియమంతా లేచి నిలబడింది. ఆమె బూట్ల దగ్గర మైకులు మాత్రమే ఉన్నాయి.